ఊరికి పూచీపడ్డ మనిషి

మా తాత తలారి. బాపట్లకు పడమటగా, కొమ్మమూరు కాలువ కింద ఉన్న మా ఊళ్ళో జీవితమంతా ఆ పనిలోనే గడిపాడు. నేను పెర్త్ నగరానికి దక్షిణాన కానింగ్ వేల్‌లో సెటిల్‌మెంట్ ఏజెంటుని. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇల్లు గానీ స్థలం గానీ చేతులు మారాలంటే అమ్మేవాళ్ళ తరఫున, కొనేవాళ్ళ తరఫున మాలాంటి వాళ్ళు ఉంటారు. టైటిల్ మీద ఏ బ్యాంకు అప్పు ఉంది, ఎవరైనా కేవియట్ వేశారా, కౌన్సిల్ పన్ను ఎంతవరకు కట్టారు, నీటి బిల్లు ఎవరి వాటాకు ఎంత వస్తుంది అని తేల్చి, డబ్బు అటు, హక్కు ఇటు ఒక్కసారే కదిలేట్టు చూడటం మా పని. తాతకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసేవాడు. అయినా ఆయన పనీ నా పనీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఈ సొమ్ము ఎవరిది, పోతే ఎవరు పూచీ?

ఆ రెండో మాటకు మన పాత ఊళ్ళలో జవాబు సిద్ధంగా ఉండేది. తలారి పూచీ.

1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదో నివేదిక మద్రాసు రాజధానిలోని గ్రామాన్ని వర్ణిస్తూ ఊరి పెద్ద, కరణం తర్వాత తలారిని, తోటిని చెబుతుంది. నేరాల ఆచూకీ తీయడం, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే బాటసారుల్ని భద్రంగా సాగనంపడం తలారి పని. పంట కాయడం, కొలతల దగ్గర సాయపడటం తోటి పని. పొలిమేరలు కాపాడటానికి వేరే మనిషి. మా వైపు తోటిని వెట్టి అనేవాళ్ళు. నైజాం ఇలాకాలో పోలీస్ పటేలు, మాలీ పటేలు, పట్వారీల కింద కావలికార్లు, సేత్‌సింధీలు ఇదే పని చేశారు. పేర్లు మారినా ఏర్పాటు ఒకటే. ఊరి ప్రాణానికి, పైరుకు, పశువుకు, పెట్టెలో బంగారానికి కాపలా కాసే మనిషి ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే పోవాలి.

ఆ కాపలా లోతు ఎంతో తెలియాలంటే 1819లో ఎల్ఫిన్‌స్టన్ పీష్వాల రాజ్యం గురించి రాసిన నివేదిక చూడాలి. అది మరాఠీ దేశం సంగతే గానీ, మా నాయనమ్మ తాత గురించి చెప్పిన మాటలకీ దానికీ తేడా చాలా తక్కువ. కావలివాడు రాత్రంతా తిరగాలి. ఊళ్ళోకి ఎవరొచ్చారు, ఎవరు వెళ్ళారు కనిపెట్టాలి. ఎవరి నడత ఏమిటో, ఎవరి చేతిలో ఉన్నట్టుండి డబ్బు ఆడుతోందో తెలిసి ఉండాలి. దొంగతనం జరిగితే అడుగుజాడ పట్టుకుని పోవాలి. ఆ జాడ పక్క ఊరి పొలిమేర దాటిందని ఆ ఊరి కావలివాడికి నచ్చేలా చూపించగలిగితే ఇతని బాధ్యత అక్కడికి తీరుతుంది. తరువాయి వెతకడం ఆ ఊరి పని. చివరికి జాడ ఏ ఊళ్ళో ఆగిపోతే ఆ ఊరే జవాబు చెప్పాలి. పోయిన సొమ్ముకు నష్టపరిహారం కూడా అక్కడి నుంచే రావాలి.

తమిళ, తెలుగు సీమల్లో ఇదే కావలి. కావలి రుసుం తీసుకునేవాడు పోయిన సొత్తుకు బదులు ఇవ్వాలన్నది ఒప్పందం. అందుకు ప్రతిఫలంగా కొంత మాన్యం భూమి, కల్లంలో కొంత గింజ. ఆ గింజనే మేర అంటారు. రాశి కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి, నీరుగంటికి తీసినట్టే తలారికీ తీసేవాళ్ళు. పూర్వం సర్కారు వాటా తేలేదాకా రాశిలో గింజ కదలకుండా దాని మీద తడిమట్టి ముద్దలు పెట్టి కొయ్యముద్ర నొక్కేవాళ్ళు. తెల్లవారి ముద్ర చెదిరి కనిపిస్తే కాపలా మనిషి మెడకు చుట్టుకునేది. రైత్వారీ వచ్చి సర్కారు శిస్తు రూపాయల్లోకి మారాక ఆ ముద్రలు పోయాయి. కల్లం కాపలా మాత్రం తాత రోజులదాకా ఉంది.

నాయనమ్మ చెప్పేది: సంక్రాంతి తర్వాత కుప్పనూర్పిళ్ళు మొదలైతే తాత నెలకు పైగా ఇంటి ముఖం చూసేవాడు కాదు. గొంగడి, పొన్నుకర్ర, ఒక లాంతరు. కల్లం నుంచి కల్లానికి నడుస్తూ మధ్యమధ్య కేక వేసేవాడు. రైతులు కల్లంలోనే పడుకున్నా వాళ్ళ నిద్ర మాత్రం తాత కేక మీద నడిచేది. పొన్నుకర్రను రాతి మీద తాటించే చప్పుడు ఒక్కో చోట ఒక్కోలా ఉండేదట. చెరువు కట్ట మీద ఒక తీరు, చావడి అరుగు మీద ఒక తీరు. దాన్ని బట్టి తాత ఎక్కడున్నాడో ఇంట్లో పడుకునే నాయనమ్మకు తెలిసేది. పగలు మళ్ళీ వేరే పని. టముకు వేయాలి, శిస్తు కట్టనివాళ్ళని చావడికి పిలుచుకు రావాలి, పైరులో పడ్డ గొడ్లని బందెలదొడ్డికి తోలాలి, సర్వే వాళ్ళు వస్తే గొలుసు పట్టుకోవాలి. ఇవన్నీ కలిపి ఒకే మనిషి.

మాది మాలపల్లె. తలారి పని అన్ని ఊళ్ళలో ఒకే కులం వాళ్ళది కాదు. కొన్నిచోట్ల ముత్తరాసి, బోయ, యానాది కుటుంబాలు చేశాయి. మా ఊళ్ళో మాత్రం తరాలుగా మా ఇంటిదే. ఊరి పెట్టెల్లో ఏముందో తెలిసిన మనిషికి ఆ ఇళ్ళ గడప దాటే హక్కు లేదు. వీధి అరుగు కింద నిలబడి దొర ఏం చెబుతాడో వినాలి. కన్నం ఎక్కడ వేశారో చూడటానికి మాత్రం లోపలికి పిలిచేవాళ్ళు. ఆ తర్వాత నీళ్ళు చల్లుకునేవాళ్ళు.

కన్నం వేసిన సంగతి ఒకటి మా ఇంట్లో చాలాసార్లు విన్నాను. మట్టిగోడలు, బంగాళా పెంకుల ఇళ్ళ కాలం. ఒక మోతుబరి ఇంట్లో వెనక గోడకు కన్నం పెట్టి ఇత్తడి గంగాళం, బిందెలు, పట్టుచీరల మూట ఎత్తుకుపోయారు. తెల్లారగానే తాతకు కబురు. ఆయన చేసిన మొదటి పని అడుగులు కాపాడటం. పెరట్లో తడిసిన నేల మీద స్పష్టంగా పడ్డ అడుగుల్ని వెతికి ఒక్కో దాని మీద మట్టి మూకుడు బోర్లించాడు. ఆ ఇంటివాళ్ళు, చూడవచ్చిన వాళ్ళు తొక్కేయకుండా. తర్వాత ఈనెపుల్లతో పొడవు, మడమ వెడల్పు కొలుచుకుని పుల్లను అక్కడికి తుంచుకున్నాడు. ఒక అడుగులో చిటికెనవేలు విడిగా, పక్కకు పడింది. ఆ వేలు పట్టుకుని చేలగట్ల మీదుగా, జొన్నచేను అంచున, పొలిమేర రాయి దాకా, అక్కణ్ణుంచి కాలువ కట్ట దాకా పోయాడు. లాకుల దగ్గర జాడ నీళ్ళలో కలిసిపోయింది. అప్పట్లో కాలువ నిండా పడవలు. వడ్లు, పొగాకు, ఉప్పు అన్నీ వాటి మీదే. ఏ పడవ ఎక్కాడో ఎవరు చెప్పగలరు? తాత లాకుల దగ్గర కూర్చుని పడవ వాళ్ళని అడిగి అడిగి సాయంత్రానికి తిరిగొచ్చాడు.

ఆ మర్నాడు ఆయన్ని చావడి ముందు ఎండలో పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. జాడ కాలువ దాకా పోయిందని చెప్పేది నువ్వే, చూసింది నువ్వే, దొంగకు దారి చూపింది నువ్వు కాదని నమ్మకమేమిటి అన్నారు. ఆ యేడు కల్లాల్లో మా ఇంటికి మేర తీయలేదు. చట్టప్రకారం తలారి నష్టపరిహారం ఇచ్చే రోజులు పోయి అప్పటికి నూరేళ్ళు దాటింది. ఊరి లెక్కలో మాత్రం పోలేదు. మా నాన్నకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆ యేడు బడి మానేసి గొడ్ల వెంట పోయాడు. దొంగ దొరకలేదు. తాత మళ్ళీ ఆ రాత్రి నుంచే తిరిగాడు, ఆ ఇంటి చుట్టూ కూడా.

చట్టం ఎలా మారిందో చెబితే ఈ అన్యాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. కుంపిణీ వాళ్ళు 1802లో దారోగాలను, ఠాణాదార్లను పెట్టి పోలీసు పని నడపబోయారు. అది కుదరక 1816లో 11వ రెగ్యులేషన్ తెచ్చి ఊరి మునసబునే పోలీసు అధికారిని చేసి తలారుల్ని అతని చేతికింద ఉంచారు. 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం శిస్తు వసూలులో, నేరం ఒప్పించడంలో జరుగుతున్న దారుణాలను బయటపెట్టింది. 1859లో 24వ చట్టంతో విలియం రాబిన్‌సన్ కింద కొత్త పోలీసు శాఖ పుట్టింది. మరుసటి యేడు శిక్షాస్మృతి. ఇనాం కమిషన్ మాన్యాలను విడగొట్టి పన్ను వేసింది. 1864లో గ్రామసేవకుల జీతానికి ఊరి మీద సెస్సు వచ్చింది. 1895లో గ్రామోద్యోగాలు వంశపారంపర్యమని చట్టమే రాశారు.

ఇన్ని మార్పుల్లో పూచీ అనేది ఎటు పోయింది? కొత్త చట్టంలో దొంగ దొరికితే జైలు. పోయిన గంగాళానికి బదులు ఇచ్చేవాడు మాత్రం ఇక ఎవరూ లేరు. పోలీసు బదులు ఇవ్వడు, సర్కారు ఇవ్వదు. పాత కావలిలో దుర్మార్గం లేదని నేను అనను. రుసుం ఇవ్వని ఊరి మీద కావలివాళ్ళే దొంగల్ని వదిలిన సంగతులు, పరిహారం పేరుతో పేదవాణ్ణి ఊడ్చేసిన సంగతులు చాలా ఉన్నాయి. కానీ ఆ ఏర్పాటు సొమ్ము పోయినవాణ్ణి మరిచిపోలేదు. కొత్త ఏర్పాటు మరిచిపోయింది. తలారి నుంచి మాన్యం తీసుకుంది, అధికారం తీసుకుంది, నింద మాత్రం అతని దగ్గరే వదిలేసింది.

నింద గురించి చెప్పేటప్పుడు మా పక్కనున్న స్టువర్టుపురం గురించి చెప్పకుండా ఉండలేను. నేర తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా అమ్ముకునే ఎరుకలవాళ్ళకు ఉప్పు చట్టాలు ఒకవైపు, రైలు మరోవైపు బతుకుతెరువు తీసేశాయి. తిరిగే జనం అనుమానపు జనం అయ్యారు. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి బాపట్ల దగ్గర సెటిల్మెంటు కట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. పూటపూటా హాజరు పలకాలి. బయటికి పోవాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు కంపెనీకి చవకగా కూలీలు దొరికారు. ఆ చట్టం ఊరి మునసబులకు, తలారులకు కూడా ఒక పని పెట్టింది. పాసు లేకుండా ఎవరు కనిపించినా ఠాణాకు చెప్పాలి. చెప్పకపోతే తలారిదే తప్పు. ఒక పేదవాణ్ణి ఇంకో పేదవాడి మీద కాపలా పెట్టారు. మా నాయనమ్మ సాల్వేషన్ ఆర్మీ గుడికే పోయేది. ఆదివారం ఒకే చాప మీద స్టువర్టుపురం ఆడవాళ్ళతో కూర్చునేది. వాళ్ళ మగవాళ్ళ మీద ఠాణాలో కబురు చెప్పాల్సింది తన మొగుడే అన్న సంగతి ఆమె జీవితాంతం మోసింది. 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది. ఆ ఊరి పేరు వినగానే జనం మొహాల్లో వచ్చే మార్పు ఇప్పటికీ పోలేదు.

ఈ విషయాలన్నీ నాలో కదిలించింది మా ఆఫీసులో పనిచేసే ఒక జావా ఆవిడ. పెర్త్‌కు సిడ్నీ కన్నా బాలి దగ్గర. విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. మధ్య జావాలో వరి చేల మధ్య ఉన్న చిన్న ఊరు ఆమెది. ఒక రోజు భోజనాల దగ్గర వాళ్ళ ఊరి రాత్రికాపలా గురించి చెప్పింది. దాన్ని రోండా అంటారు. ప్రతి వాడకీ ఒక చిన్న పాక, గర్దు. ఇంటికొక మగమనిషి వంతు ప్రకారం రాత్రి అక్కడికి రావాలి. చీలిక తీసిన వెదురుబొంగునో కొయ్యమొద్దునో వేలాడదీస్తారు, కెంతొంగన్. దాని దెబ్బలకు లెక్క ఉంది. రెండేసి దెబ్బలు పడితే దొంగలు, మూడేసి పడితే ఇల్లు కాలుతోంది. ఎక్కడ పడుకున్నా ఆ లెక్క చెవిన పడగానే ఎటు పరుగెత్తాలో తెలుస్తుంది. ఊళ్ళో కొత్తమనిషి ఒక రాత్రికి మించి ఉంటే వాడ పెద్దకు చెప్పాలని బోర్డే ఉంటుంది. ఆ వాడ ఏర్పాటు జపాను వాళ్ళు యుద్ధకాలంలో పెట్టిన పదిళ్ళ సంఘాల నుంచి మిగిలింది. 1980ల్లో సుహార్తో ప్రభుత్వం రోండాకు సిస్కమ్లింగ్ అని పేరుపెట్టి పోలీసు శాఖకు ముడివేసింది.

అవి విన్నప్పుడు ఒప్పుకున్నాను, ఊళ్ళన్నీ ఒకటే కదా అని. తర్వాత ఆమె జింపితాన్ గురించి చెప్పింది. ప్రతి ఇంటి ముందు చిన్న డబ్బా వేలాడుతుంది. ఇల్లాలు పడుకునే ముందు అందులో చిటికెడు బియ్యం వేస్తుంది. రాత్రి కాపలా వాళ్ళు తిరుగుతూ ఆ బియ్యం పోగు చేస్తారు. ఆ బియ్యం ఊరి ఉమ్మడి ఖర్చుకు. ఎవరి డబ్బాలో బియ్యం లేకపోతే ఆ ఇంట్లో జబ్బో, చావో, ఆకలో ఉందని కాపలా వాళ్ళకు తెలుస్తుందట. ఇప్పుడు చాలా చోట్ల చిల్లర నాణేలు వేస్తున్నారు, కొన్ని ఊళ్ళలో క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. మా కల్లాల్లో తీసిన మేర నాకు వెంటనే గుర్తొచ్చింది. వాళ్ళ ఊరి పెద్దకు, ఊరి ఉద్యోగులకు జీతం బదులు ఇచ్చే బెంకొక్ భూమి మన మాన్యమే. భూమి హక్కు కథ కూడా మనదే. ఊరి పుస్తకంలో రాసిన పేరు, పన్ను కట్టిన రసీదు, వీటినే జనం దస్తావేజుగా నమ్మారు. 1960లో భూమి చట్టం వచ్చినా చాలా పల్లెల్లో పట్టా కాగితం 2017 నుంచి జరుగుతున్న సామూహిక నమోదుతోనే చేతికందింది.

ఒక్క తేడా మాత్రం నన్ను వదల్లేదు. జావా ఊళ్ళో కాపలా అందరిదీ. బడిపంతులు, రైతు, కొట్టువాడు, కూలీ అందరూ వంతు ప్రకారం చలిలో కూర్చుంటారు. వంతుకు రానివాడు డబ్బు కట్టాలి. మన ఊళ్ళో కాపలా ఒక ఇంటిది, ఒక కులానిది, తండ్రి నుంచి కొడుక్కి. తమ సొమ్ముకు తాము ఒక్క రాత్రైనా మేలుకోవాలని ఊరు ఎన్నడూ అనుకోలేదు. జావాలో కాపలా దొరల్లేని బంగారు ఏర్పాటని నేను చెప్పబోవడం లేదు. దొరికిన దొంగను పోలీసులు వచ్చేలోపే జనం కొట్టి చంపిన సంగతులు ఆమే కన్నీళ్ళతో చెప్పింది. అయినా చలిని పంచుకున్న ఊరు తన కాపలాదారుణ్ణి చావడి ముందు ఎండలో కూర్చోబెట్టదు. ఎందుకంటే రేపు వంతు తనది.

ఇక నేనున్న చోటు సంగతి. కానింగ్ వేల్ అంటే ఇప్పుడు ఇటుకల ఇళ్ళు, ఫాల్గుణమాసం ఎండలా కాసే డిసెంబరు, వార్టన్ రోడ్డు గుడి, నికల్సన్ రోడ్డు గురుద్వారా, హోల్‌సేల్ కూరగాయల మార్కెట్. 1982లో కట్టిన జైలు కూడా ఇక్కడే, ఇప్పుడు దాని పేరు హాకియా. పక్కన పారే కానింగ్ నదికి 1827లో కెప్టెన్ స్టిర్లింగ్ ఆనాటి బ్రిటిష్ ప్రధాని జార్జ్ కానింగ్ పేరు పెట్టాడు. ఆ నదికి అంతకుముందే వాజక్ నూంగార్ జనం పెట్టుకున్న పేర్లున్నాయి, వాళ్ళ దారులున్నాయి. 1829లో స్వాన్ నది వలస మొదలైనప్పుడు మూడు పౌన్ల విలువైన సరుకు తెచ్చిన ప్రతివాడికీ 40 ఎకరాల లెక్కన భూమి రాసిచ్చారు. ఆ భూమి ఎవరిదని ఎవరూ అడగలేదు. నేను రోజూ తెరిచే టైటిళ్ళన్నిటికీ మూలం ఆ రాసివ్వడమే. నూంగార్ ప్రజలకూ రాష్ట్రానికీ మధ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది 2021లో.

అడుగుజాడ సంగతి ఇక్కడా ఉంది. ఆస్ట్రేలియా అంతటా పోలీసులు ఆదివాసులను జాడగాళ్ళుగా పెట్టుకున్నారు. 1864లో విక్టోరియా రాష్ట్రంలో అడవిలో తప్పిపోయిన ముగ్గురు పిల్లల్ని తొమ్మిది రోజుల తర్వాత కనిపెట్టింది వాళ్ళే. ఆ జాడగాళ్ళలో ఒకడైన డిక్-ఎ-డిక్ నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లండులో ఆడిన మొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టులో సభ్యుడు. విరిగిన గడ్డిపోచను, తిరగబడ్డ గులకరాయిని చదవగలిగిన ఆ చూపును పొగిడారు. ఆ చూపు నేర్పిన నేలను మాత్రం వాళ్ళకు వదల్లేదు. ఆ కథ చదివినప్పుడు తాత తుంచుకున్న ఈనెపుల్ల నా కళ్ళ ముందు కదిలింది.

ఈ దేశం భూమి హక్కుకు చేసిన ఒక ఏర్పాటును మాత్రం నేను మనసారా గౌరవిస్తాను. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో తెచ్చిన చట్టం అది. పశ్చిమ ఆస్ట్రేలియా 1874లో దాన్ని తీసుకుంది. అంతకుముందు హక్కు నిరూపించాలంటే పాత దస్తావేజులన్నీ గొలుసులా వెనక్కి చూపాలి. టోరెన్స్ పద్ధతిలో రిజిస్టరులో ఎవరి పేరుంటే హక్కు వాళ్ళది. దానికి సర్కారే పూచీ. రిజిస్టరు మోసం వల్ల ఎవరైనా భూమి పోగొట్టుకుంటే పరిహారం కోసం సర్కారును అడగవచ్చు. మా తాత చావడి ముందు కూర్చుని మోసిన పూచీని ఇక్కడ ఖజానా మోస్తోంది.

దానికీ కన్నాలున్నాయి. 2010లో పెర్త్‌లోని కర్రిన్యప్‌లో ఒకాయన విదేశంలో ఉండగా, ఆయనకు తెలియకుండానే ఆయన ఇల్లు అమ్ముడైపోయింది. ఎక్కడో ఆఫ్రికాలో కూర్చున్న మోసగాళ్ళు ఆయన పేరుతో ఈమెయిళ్ళు, సంతకాలు పంపి పని కానిచ్చారు. మరుసటి యేడు బాలజురాలోనూ అలాగే జరిగింది. ఆ తర్వాతే మాకు కట్టుదిట్టాలు పెరిగాయి. అమ్మే మనిషి పాస్‌పోర్టు, లైసెన్సు తీసుకుని ఎదుటికి రావాలి, ముఖం చూసి పోల్చుకోవాలి, ఆ కాగితాల నకళ్ళు ఏళ్ళ తరబడి దాచాలి. 2023 ఆగస్టు నుంచి కాగితపు టైటిలే లేకుండా పోయింది, అంతా భూమి కార్యాలయం కంప్యూటరులోనే. నా ఎదుట కూర్చున్న మనిషి గడ్డం కిందికి, కళ్ళలోకి చూసి ఫోటోతో పోల్చేటప్పుడు నేను చేస్తున్నది తలారి పనే. ఈయన ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఈ సొమ్ము ఈయనదేనా?

మన దగ్గర ఇప్పటికీ రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదే, హక్కుకు సర్కారు హామీ కాదు. 1908 చట్టం అంతవరకే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో తక్కెళ్ళపాడు దగ్గర భూముల రీసర్వే మొదలైంది. టోరెన్స్ ఆలోచన వెంట హక్కు చట్టం ఒకటి 2022లో వచ్చి, జనంలో భయం, న్యాయవాదుల ఆందోళన మధ్య 2024లో రద్దయింది. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఊరి పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ఊరని మన జనానికి తరాలుగా తెలుసు. పూచీ పడేవాడి మీద నమ్మకం లేనిచోట కొత్త పుస్తకాన్ని కూడా అలాగే చూస్తారు.

ఆ పుస్తకం ఇంటి వారసత్వంగా ఉండకూడదని తేల్చింది కూడా మా ప్రాంతపు తగాదాయే. తెనాలి తాలూకా పెరవలిపాలెంలో మునసబు ఉద్యోగం పాత మునసబు కొడుక్కి ఇవ్వాలా, ఇంకొకరికి ఇవ్వచ్చా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1960 డిసెంబరులో కోర్టు, వంశం చూసి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1895 చట్టంలోని ఆ భాగాన్ని కొట్టేసింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేలు, పట్వారీ ఉద్యోగాలను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. మరుసటి యేడు సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ జనవరి గురించి పెద్ద ఇళ్ళ వాళ్ళు ఎన్నో పుస్తకాలు రాశారు, సినిమాల్లోనూ కరణాలు కనిపిస్తారు. తలారుల గురించి ఎవరూ రాయలేదు. వాళ్ళు గ్రామసేవకులుగా మిగిలారు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. తెలంగాణలో వాళ్ళకు జీతం స్కేలు 2023లో దొరికింది. మా ఇంట్లో ఆ పని తాతతోనే ఆగింది. ఆయన 1981లో పోయాడు. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్ అయ్యాడు.

తాతకు ఊరి పొలిమేరలో ప్రతి రాయీ తెలుసు. జాతరలో పొలి చల్లేటప్పుడు కుంభం వెనక కాగడా పట్టుకుని ఆ రాళ్ళ వెంట నడిచేది ఆయనే. వాటి లోపల ఆయనది అనే నేల చాలాకాలం ఒక్క గజం లేదు. 1970ల్లో భూ పంపకాలు జరిగినప్పుడు ఊరికి దిగువన చౌడు పట్టిన ఎకరం ఒకటి డీ-ఫారం పట్టా మీద ఇచ్చారు. 1977 చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మకూడదు. పట్టా పొందినవాడి పిల్లలు మాత్రమే అనుభవించాలి. నాన్న దానికి మట్టి తోలించి, కాలువ నీళ్ళతో చౌడు కడిగి, మొదట జనుము, తర్వాత వరి పండించాడు. పక్క చేను ఆయన ప్రతి యేడూ గట్టు కాస్త ఇటు జరుపుతూ వచ్చాడు. 2023లో ప్రభుత్వం చట్టం మార్చి, 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఆ కబురు వచ్చిన వారమే కొనేవాళ్ళు ఇంటికొచ్చారు.

నాన్న నాకు ఫోన్ చేశాడు. "నీ పని ఇదేగా తల్లీ, కాగితం చూసి చెప్పు," అన్నాడు. పట్టా ఫోటో పంపితే పెద్దది చేసి చూశాను. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది. నాలుగు హద్దుల దగ్గర పక్క రైతుల పేర్లు ఉన్నాయి, వాళ్ళలో ఎవరూ ఇప్పుడు బతికిలేరు. తాత పేరుకు ఎదురుగా ఆయన ఎడమ బొటనవేలి ముద్ర. అమ్మవద్దని నేను చెప్పలేదు, ఆయనే అమ్మనన్నాడు. ముందు కొలిపించాలి, గట్టు ఎంత పోయిందో తేలాలి, నాలుగు మూలలా రాళ్ళు పడాలి అన్నాడు. సచివాలయంలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించి, చలానా డబ్బు ఇక్కణ్ణుంచి నేను కట్టాను. సర్వేయరు వచ్చే రోజున పక్క రైతులందరికీ నోటీసు అందేట్టు చూడమని, వాళ్ళు సంతకం పెట్టకపోతే పెట్టలేదని రాయించమని నాన్నకు చెప్పాను. ఆ రోజు గొలుసు రెండో కొస మా అన్న కొడుకు పట్టుకుంటాడు.